బడి బస్సులో మా అమ్మాయి కాపురము

మా అమ్మాయి, అల్లుడుగారు అమెరికాలో రెండు సంవత్సరములు బస్సులో కాపురమున్నారంటే మా ఊరివారు ఒక పట్టాన నమ్మరు. నమ్మినవారు జాలిపడతారు. "అంత చదువు చదివి ఆఖరికి బస్సులోనా?" అని మా సంఘపు పెద్ద ఒకాయన నా చెయ్యి పట్టుకొని మరీ అడిగారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదిది. అందుకే తీరికగా కూర్చొని వ్రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. 34 సంవత్సరములు బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసినవాడిని. కర్రపని మా నాన్న నేర్పాడు, ఇనుపపని షెడ్డు నేర్పింది. చాసిస్ ఒక్కటే వస్తుంది, దానిమీద క్యాబిను, తొట్టి కట్టి రోడ్డెక్కించడము మా పని. మా అమ్మాయి నర్సు చదివి, పరీక్షలు వ్రాసి అమెరికా వెళ్ళింది. అల్లుడుగారిది కంప్యూటరు ఉద్యోగము, ఇంట్లో కూర్చొనే చేసుకోవచ్చు. టెన్నెస్సీ రాష్ట్రములో నాష్‌విల్ దగ్గర అద్దె ఇంట్లో ఉండేవారు.

ఆ దేశములో ట్రావెల్ నర్సులని ఉంటారు. ఏ ఆసుపత్రిలో మనుషులు చాలకపోతే అక్కడికి వెళ్ళి సాధారణముగా 13 వారాలు పనిచేసి, మళ్ళీ ఇంకొక ఊరు చూసుకుంటారు. జీతము మామూలు నర్సుకంటే ఎక్కువ. కరోనా వచ్చిన 2020, 2021 సంవత్సరాలలో అయితే మరీ ఎక్కువ. అల్లుడుగారి నాన్నగారి వైద్యానికి చేసిన అప్పు నెత్తిమీద ఉన్నది. ఆ అప్పు తీర్చడానికి 2021లో మా అమ్మాయి టెక్సస్‌లో ఒక ఆసుపత్రికి 13 వారాల పనికి ఒప్పుకున్నది. మనవరాలికి అప్పుడు రెండేళ్ళు. తండ్రి దగ్గర వదిలి వెళ్ళింది.

రోజూ ఫోనులో ముఖాలు చూసుకునేవారు. మొదటి వారాలలో పిల్ల ఫోనును ముద్దుపెట్టుకునేది. తరువాత తరువాత ఫోను మ్రోగితే ఆట మానేది కాదు. పని ముగించుకొని తల్లి ఇంటికి వచ్చిన రోజున పిల్ల తండ్రి కాళ్ళ వెనుక దాక్కుని, ఎవరో వచ్చారన్నట్టు చూసిందట. ఆ రాత్రి అమ్మాయి మాకు ఫోను చేసింది గాని ఏమీ మాట్లాడలేదు, ఏడుపే వినిపించింది. అప్పు సగము కూడ తీరలేదు. ఇంకా ఎన్ని ఊళ్ళు తిరగాలో తెలియదు.

బస్సు ఆలోచన అల్లుడుగారిది. ఆమె ఎక్కడికి వెళితే ఇల్లే అక్కడికి వెళ్ళాలి. మోటారు హోము అని కాపురానికి తయారైన బండ్లు అక్కడ అమ్ముతారు గాని, పెద్దది కొత్తగా కొనాలంటే లక్ష డాలర్లు దాటిపోవచ్చు. బడి బస్సులను మాత్రము 12, 15 సంవత్సరములు నడిపి తీసివేస్తారు. వేలములో చౌకగా దొరుకుతాయి. పిల్లలు ఎక్కే బండి గనుక ఉక్కు కూడ గట్టిదే వేస్తారు. 2022 ఫిబ్రవరిలో ఒక బస్సును 4,500 డాలర్లకు పాడుకున్నారు. ఏప్రిల్‌లో నేను, మా ఇంటావిడ వెళ్ళాము. మాకిచ్చిన గడువు ఆరు నెలలు.

"బస్సులో కాపురమేమిటే, సర్కసు వాళ్ళలాగా!" అన్నది మా ఇంటావిడ దిగీ దిగకముందే.

"అబ్రాహాము గుడారాలలో ఉండలేదా అమ్మా?" అన్నది అమ్మాయి.

"ఆయనకు ఒంటెలున్నాయి. డీజిలు ఖర్చు లేదు" అని ఈవిడ.

అమ్మాయితో పనిచేసే ఒక నర్సుగారి పొలములో, గడ్డి దాచుకునే కొట్టము ప్రక్కన బస్సు నిలిపారు. నేను చుట్టూ తిరిగి చూశాను, క్రిందికి దూరి చూశాను. పొడవు 36 అడుగులు. లోపల వెడల్పు ఏడున్నర, ఎత్తు ఆరడుగుల పైచిలుకు. ఇంజను ముందు ముక్కులో ఉన్నది. నేల దగ్గర మొదలై కప్పు మీదుగా అవతలి నేలదాక ఒకే ముక్కగా వంచిన ఉక్కు పక్కటెముకలు. మా షెడ్డులో అటువంటి బాడీ నేను ఎన్నడూ కట్టలేదు. కట్టినవాడు ఎవరో గాని పనివాడు.

ఆ బస్సుల పసుపు రంగుకు ఒక కథ ఉన్నది. 1939లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయములో ఫ్రాంక్ సిర్ అనే ఆచార్యుడు అన్ని రాష్ట్రాలవారిని పిలిపించి బడి బస్సుల కొలతలకు, రంగుకు నియమాలు పెట్టించాడు. అంతవరకు ఏ ఊరి బస్సు ఆ ఊరి రంగు. తెల్లవారుజామున మసక వెలుతురులో కూడ నల్ల అక్షరాలు బాగా కనిపిస్తాయని ఈ పసుపును ఎన్నుకున్నారు. పిల్లలు దిగే బస్సు అని తెలియడానికే ఆ రంగు గనుక, సొంతానికి కొనుక్కున్నవారు చాలా రాష్ట్రాలలో దానిని మార్చివేయాలి. బడి బస్సు అన్న అక్షరాలు చెరపాలి, ఆగమని చెప్పే ఎర్ర పలక తీయాలి. మేము పైకప్పుకు తెలుపు, ప్రక్కలకు లేత నీలము వేశాము. తెలుపైతే ఎండ కొంత తగ్గుతుంది. పసుపు పోయినందుకు మనవరాలు ఒక పూట అన్నము తినలేదు.

లోపల 72 మంది పిల్లలు కూర్చునే 24 సీట్లు. సీటుకు నాలుగేసి చొప్పున 96 బోల్టులు. పైన ఒకరు తిప్పుతుంటే క్రింద ఒకరు పానా పట్టుకోవాలి. సగానికి పైగా తుప్పుతో అతుక్కుపోయినవే. గ్రైండరుతో తలలు కోసి తీశాము. సీట్లు పోయాక నల్ల రబ్బరు పరుపు, దాని క్రింద ఉబ్బిన ప్లైవుడ్, దాని క్రింద ఉక్కు రేకు. పిల్లలు తడి బూట్లతో ఎక్కిన నీరంతా ఏళ్ళ తరబడి అక్కడికే చేరింది. అల్లుడుగారు దాని మీదనే కొత్త చెక్క పరచుదామన్నారు. తుప్పును మూసిపెడితే అది లోపల తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. గీకి, మందు పూసి, రంగు వేసి, రంధ్రాలు మూసేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ చూడడానికి వచ్చినవారికి చూపించడానికి ఏమీ లేదు.

పని మొదలైన కొత్తలో అల్లుడుగారు ప్రతి దానికీ రసమట్టం పెట్టేవారు. ఇల్లు కట్టేవారికి అది లేకపోతే కుదరదు. కాని బండి నిలిచిన నేల వాలుగా ఉంటే రసమట్టం నేలకే సరి చూస్తుంది గాని బండికి కాదు. ఆ ప్రకారము అలమర బిగిస్తే, బస్సు చదునైన చోటికి వెళ్ళగానే అలమర వంకరగా కనిపిస్తుంది. "బాబూ, దానిని పెట్టెలో పెట్టండి. కొలతలన్నీ బస్సు నేల నుండి తీయండి, మూలమట్టం చాలు" అన్నాను. ఆయన ఏమీ అనలేదు గాని మరుసటి రోజు కూడ రసమట్టం చేతిలోనే ఉన్నది. అల్లుడుగారికి చెప్పడమంటే కొడుకుకు చెప్పినట్టు కాదు గదా.

మరి ఇంట్లో గోడకు కొట్టిన మేకు గోడతో పాటు కదలకుండా ఉంటుంది. బండిలో కొట్టిన మేకు మొదటి వంద మైళ్ళలో వదులై, రెండవ వందలో బయటికి వస్తుంది. లారీకి మేము కర్రను మేకులతో నిలపము. ఇటునుండి అటు బోల్టు దూర్చి, వెడల్పాటి వాషరు వేసి, విడిపోని నట్టు బిగిస్తాము. ఆ బస్సులో మంచము, పొయ్యి బల్ల, అలమరలు అన్నీ అలాగే పక్కటెముకలకు పట్టీలు వేసి బిగించాము. తలుపులకు, సొరుగులకు గడియలు పెట్టాము. లేకపోతే మొదటి మలుపులోనే పప్పుల డబ్బాలు పిల్ల తలమీద పడతాయి.

బరువు మరొక లెక్క. ఇంటికి బరువుతో పని లేదు, బండికి అదే ప్రాణము. వంటగదికి రాతి పలక, స్నానపు గదికి పింగాణి బిళ్ళలు అని అల్లుడుగారు కంప్యూటరులో బొమ్మ గీసి పెట్టుకున్నారు. చాల అందముగా ఉన్నది. బిళ్ళలు కదలికకు పగులుతాయని, రాయి ఊరికే మోతబరువని చెప్పి రెండూ మాన్పించాము. నీళ్ళ ట్యాంకు 60 గ్యాలన్లది. అంటే 227 లీటర్లు, నిండితే అన్ని కిలోలు. దానిని వెనుక చక్రాల ఇరుసుకు దగ్గరగా, వంట అలమరలకు ఎదురు ప్రక్కన పెట్టాము, బండి ఒక వైపుకు ఒరగకుండా.

ఇక మంచము దగ్గర వచ్చింది అసలు చిక్కు. ఆ బస్సులకు వెనుకవైపు ఒక తలుపు ఉంటుంది, ప్రమాదము జరిగితే పిల్లలు దూకడానికి. అల్లుడుగారి బొమ్మలో ఆ తలుపుకు అడ్డముగా ఈ చివరి నుండి ఆ చివరికి పెద్ద మంచము, క్రింద సామాను. చాలమంది అలాగే చేస్తారట. పొయ్యి ముందు భాగములో ఉన్నది, ఇంజనూ ముందే ఉన్నది. రాత్రి నిప్పు పుడితే ముందే పుడుతుంది. అప్పుడు వెనుక పడుకున్న ముగ్గురు ఎటు వెళ్ళాలి? ఆ మాట అడిగితే "కిటికీ ఉన్నది కదా మావయ్యగారూ" అన్నారు ఆయన. మూడేళ్ళ పిల్లను పట్టుకొని చీకటిలో, పొగలో కిటికీ గుండా దిగి చూపించమన్నాను. కొంచెము గట్టిగానే అన్నాను. ఆయన పానా క్రింద పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు. రెండు రోజులు మా మధ్య మాటలు లేవు. మా ఇంటావిడ నన్ను కోప్పడింది. అల్లుడిని పట్టుకొని అలా అనవచ్చునా అని. మంచము సంగతిలో మాత్రము నేను తగ్గదలచుకోలేదు.

మూడవ రోజు సాయంత్రము, ఆసుపత్రి పని దిగి అమ్మాయి తిన్నగా పొలానికి వచ్చింది. బస్సు నేలమీద సుద్దముక్కతో మంచము గీయమన్నది. మంచము పొడవుగా, ఒక గోడకు ఆనించి ఐదడుగుల వెడల్పుతో గీశాను. ఇవతల రెండున్నర అడుగుల దారి, వెనుక తలుపు దాక. ఆమె ఆ గీతలో పడుకొని కళ్ళు మూసుకొని లేచి, పిల్లను ఎత్తుకొని, ఆ దారిన నడచి, తలుపు తీసి గడ్డిమీదికి దిగింది. పిల్ల నవ్వి మళ్ళీ మళ్ళీ అన్నది. నాలుగైదు సార్లు దిగారు. అల్లుడుగారు అంతా చూసి, లోపలికి వెళ్ళి తన బొమ్మలో మంచము తిప్పి గీసుకున్నారు. సామానుకు చోటు తగ్గింది. ఆ సామాను లేకుండానే వారు రెండేళ్ళు బ్రతికారు.

పిల్ల ప్రయాణములో కూర్చునే సీటు నేను బిగించలేదు. ఇంత పని తెలిసినవాడినే గాని, అది నా పని కాదు. పిల్లల సీటు బండి ముందుకు చూసే సీటుకే కట్టాలి, ప్రక్కకు తిరిగిన బల్లకు కట్టకూడదు. పట్టీలు లాగితే నేల చెక్క కాదు, క్రింద ఉక్కు ఆపాలి. ఆ పని తెలిసిన వెల్డింగు షాపువారికి డబ్బిచ్చి చేయించాము. మొత్తము ఖర్చులో ఆ బిల్లును చూసి ఎవరూ గొణగలేదు.

గ్యాసు మీలో అందరికీ తెలిసినదే. గాలికంటే బరువు, కారితే నేలమీదికి దిగి నిలుస్తుంది. అక్కడ వాడే ప్రొపేను కూడ అంతే. అందుకని బండను లోపల పెట్టక, బయట ఒక పెట్టెలో బిగించి ఆ పెట్టె అడుగున గాలి రంధ్రాలు వేశాము. లోపల పొగకు ఒకటి, గ్యాసుకు ఒకటి, వాసన లేని విషవాయువుకు ఒకటి అరిచే యంత్రాలు పెట్టారు. మా ఇంటావిడ పోపు పెట్టినప్పుడల్లా అందులో ఒకటి అరిచేది.

మరుగుదొడ్డి సంగతి ఇక్కడి ఆడవారు తప్పక అడుగుతారు గనుక చెబుతున్నాను. నీళ్ళు పోసేది కాదు. మూత్రము వేరుగా పోతుంది, తక్కినది కొబ్బరి పీచు పొడిలో పడి వాసన లేకుండా ఆరుతుంది. ఆ పొడి ఇటుకల మాదిరిగా అచ్చు పోసి అమ్ముతారు. అట్టమీద చూస్తే మన దేశములో తయారైనదే. "ఇందుకా మన కొబ్బరి పీచు ఇంత దూరము వచ్చింది" అని ఈవిడ ముక్కున వేలు వేసుకున్నది.

ఇనుప బండిలో చలికాలము మనుషుల ఊపిరి చెమటగా మారి రేకుల మీద నుండి కారుతుంది. దానికి గోడలకు, కప్పుకు నురుగు పలకలు పెట్టి, ఉక్కు పక్కటెముకకు లోపలి చెక్క నేరుగా తగలకుండా మధ్య కర్ర పట్టీలు వేశాము. వానకు కిటికీలు కారకుండా ఒక్కొక్కటి ఊడదీసి మళ్ళీ అతికించి, పైపుతో గంటసేపు నీళ్ళు కొట్టి చూశాము. కప్పుమీద సౌర పలకలు, లోపల బ్యాటరీలు. అవి అల్లుడుగారి విద్య, నేను తల దూర్చలేదు.

కాగితాల బాధ పనికంటే ఎక్కువ. బడి బస్సుగా ఉన్న బండి మోటారు హోముగా నమోదు కావాలి. వంట, చల్లని పెట్టె, మరుగుదొడ్డి, వేడి లేక చల్లదనము ఇచ్చే యంత్రము, కుళాయి తొట్టితో మంచినీరు, ఇంటి కరెంటు లేక గ్యాసు అనే ఆరింటిలో కనీసము నాలుగు ఉంటేనే మోటారు హోము అని అమెరికా కేంద్ర ప్రభుత్వపు నిర్వచనము. ఆ తరువాత ఇన్సూరెన్సు. సొంతముగా కట్టుకున్న బండి అనగానే మూడు కంపెనీలవారు కాదన్నారు. నాలుగవవారు ప్రతి మూలా ఫోటోలు తీయించుకొని ఒప్పుకున్నారు. బోల్టులు కనిపించేటట్టు తీసిన ఫోటోలు అప్పుడు పనికి వచ్చాయి.

ఇటువంటి కాపురము వీరితో మొదలు కాలేదు. నాష్‌విల్‌కు దక్షిణముగా సమ్మర్‌టౌన్ అనే చోట 1971లో, కాలిఫోర్నియా నుండి పాత బడి బస్సులలో వరుసగా వచ్చిన వందలాది యువకులు ఒక పల్లె కట్టుకున్నారు. ఇండ్లు లేచేదాక ఆ బస్సులలోనే ఉన్నారు. ఆ రోజులలో పొడుగు జుట్టు హిప్పీలకే బస్సు కాపురమని పేరు. ఇప్పుడు ఇంటర్నెట్టులో తెల్లని పరుపులు, పూలకుండీలు పెట్టిన బస్సుల ఫోటోలు చూసి కుర్రవారు ముచ్చటపడుతున్నారు. ఈ రెండు రకాలు కాక, మూడవవారు కూడ ఉన్నారు. 2008లో వచ్చిన ఆర్థిక మాంద్యములో ఇల్లు, పని పోగొట్టుకొని వ్యానులలో పడుకుంటూ ఊరూరా కూలికి తిరిగిన ముసలివారు. వారిని గురించి 2017లో వచ్చిన పుస్తకము ఆధారముగా నోమాడ్‌ల్యాండ్ అనే సినిమా తీస్తే దానికి 2021లో ఆస్కారు ఇచ్చారు. అల్లుడుగారు ఆ సినిమా మాకు చూపించారు. మా ఇంటావిడ సగములో లేచి వెళ్ళి, పిల్ల దుప్పటికి అంచు కుట్టడము మొదలుపెట్టింది.

సెప్టెంబరు మూడవ వారములో బస్సు మొదటిసారి నిండు బరువుతో రోడ్డెక్కింది. 20 మైళ్ళు వెళ్ళి వచ్చాము. అల్లుడుగారు నడిపారు, నేను వెనుక నేలమీద కూర్చొని చెవి ఒగ్గి విన్నాను. చప్పుడే చెబుతుంది ఏది వదులో. మూడు చోట్ల సుద్దతో గుర్తు పెట్టాను. వచ్చాక ఆయనే పానా తీసుకొని ఆ మూడూ బిగించారు. సీసా జాడీలో పెట్టిన ఆవకాయ చుక్క తొణకలేదు.

బస్సు కొన్న ధరతో కలిపి 23,000 డాలర్లు అయినట్లు అల్లుడుగారు లెక్క వ్రాసి పెట్టారు. అక్టోబరు మొదటి వారములో వారు న్యూమెక్సికో రాష్ట్రానికి బయలుదేరారు, మేము విమానము ఎక్కాము. రెండు సంవత్సరములలో ఏడు ఊళ్ళు తిరిగారు. అంతా సుఖమేమీ కాదు. ఒక చలికాలము నీళ్ళ పైపు గడ్డకట్టి పగిలింది. బండి పదేళ్ళు దాటిందని కొన్ని పార్కులలో చోటివ్వలేదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రపోయే తల్లి, అక్కడే కంప్యూటరు ముందు పనిచేసే తండ్రి, అక్కడే ఆడుకునే పిల్ల. ఏడున్నర అడుగుల వెడల్పులో ఇది కుదరడానికి ఎంత ఓర్పు కావాలో నాకు తెలియదు, వారికే తెలుసు. ఫోను చేస్తే మాత్రము ముగ్గురి ముఖాలూ ఒకే అద్దములో కనిపించేవి. పిల్ల తల్లి భుజము ఎక్కి మాట్లాడేది.

2024లో అప్పు తీరింది, మనవరాలికి బడి వయసు వచ్చింది. అమ్మాయి ఒక ఊళ్ళోనే స్థిరమైన పనికి చేరి, చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. బస్సును అమ్మలేదు, పెరట్లో నిలిపారు. సెలవులకు తీసి వెళుతుంటారు.

ఈ మధ్య అమ్మాయితో పనిచేసిన ఇంకొక నర్సుగారు పాత బడి బస్సు కొన్నారట. ఆమెకు ఇద్దరు పిల్లలు. అల్లుడుగారు శనివారాలు వెళ్ళి పనిలో సాయము చేస్తున్నారు. మొన్న అక్కడి నుండే నాకు ఫోను చేశారు, చక్రాల మీది ఉబ్బు దగ్గర మంచపు కాలు ఎలా నిలపాలో అడగడానికి. చెబుతుండగా వెనుక ఎవరో ఏదో అడిగారు. ఆయన ఫోను ప్రక్కకు పెట్టి వారికి ఇంగ్లీషులో ఏదో చెప్పి వచ్చారు. ఏమిటి బాబూ అన్నాను.

"ఏం లేదు మావయ్యగారూ, రసమట్టం పెట్టెలో పెట్టమన్నాను" అన్నారు.